తాబేలు కథలో జాలరి
ఒడిశా తీరపు సముద్ర రక్షణ సాహిత్యం – ఒక పరిశీలన

ఉద్యమం పుట్టినచోట దాని సాహిత్యం కూడా పుడుతుంది. పాట, కరపత్రం, గోడపత్రిక, వీధి నాటకం, నివేదిక, డాక్యుమెంటరీ చిత్రం మొదలైనవన్నీ ఈ కోవకు చెందుతాయి. జాతీయోద్యమ గేయాలనూ, రైతాంగ పోరాట సాహిత్యాన్నీ మన విమర్శకులు శ్రద్ధగా పరిశీలించారు. పర్యావరణ ప్రచారాల వెంట వచ్చిన రచనలకు మాత్రం అంతటి శ్రద్ధ దక్కలేదు. అవి శాస్త్రవేత్తల సొత్తు అనే భావమో, వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉందనే సంకోచమో ఇందుకు కారణం కావచ్చు. కాని ప్రతి ప్రచారమూ ఒక కథ చెబుతుంది. ఆ కథలో బాధితుడు ఉంటాడు, బాధించేవాడు ఉంటాడు, ఆదుకునేవాడు ఉంటాడు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరిని గురించి మాత్రమే మాట్లాడుతున్నారు, అసలు ఎవరు కథలోకి రానే లేదు అన్న ప్రశ్నలు నవలను గురించి ఎంత సహజమో ప్రచార సాహిత్యాన్ని గురించీ అంతే సహజం.

ఈ వ్యాసానికి ఒడిశా తీరంలో ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్ళ రక్షణ కోసం జరిగిన ప్రచారాన్ని ఎన్నుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, భారతదేశంలో సముద్రం పేరుతో సాగిన ప్రచారాల్లో ఇది సుదీర్ఘమైనది; యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. రెండవది మనకు మరింత దగ్గరిది. ఈ తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరంలో, ముఖ్యంగా గంజాం జిల్లాలోనూ పూరీలోనూ, వేటమీద బతికే జనంలో పెద్ద భాగం ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. వాడబలిజలు, జాలరులు. జాలం అంటే వల. ఆ పేరులోనే వారి వృత్తి ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. కాబట్టి వీరిని వలస వచ్చినవారు అనడం కంటే, వీరి ఊళ్ళ మీదుగా సరిహద్దు కదిలిపోయింది అనడం చాలాచోట్ల సమంజసం. పూరీలోని పెంఠకటా సంగతి కొంత వేరు. అది వేట వెంట తీరం పట్టుకు ఉత్తరానికి సాగిన తెలుగు జాలరుల పెద్ద పేట.

ఒడియా వారికీ బెంగాలీ వారికీ వీరు 'నోలియా'లు. పూరీ సముద్రంలో స్నానానికి దిగే యాత్రికుల చేయి పట్టుకుని కెరటం దాటించే, నెత్తిన మొనదేలిన టోపీ పెట్టుకున్న మనిషిగా నోలియా వంగదేశపు ఊహలో స్థిరపడ్డాడు. అంటే, తాబేలు ప్రచారం మొదలు కావడానికి చాలా ముందే ఇతరుల సాహిత్యంలో ఇతనికి ఒక పాత్ర ఉంది. అది మాటలు లేని పాత్ర. ఈ సంగతి గుర్తుంచుకుంటే తరువాతి కథ సులభంగా అర్థమవుతుంది.

ప్రచార చరిత్రను క్లుప్తంగా చెప్పుకుందాం. గహీర్‌మథ తీరంలో వేల సంఖ్యలో తాబేళ్ళు ఒకేసారి గుడ్లు పెట్టడాన్ని 1974లో మొసళ్ళ నిపుణుడు హెచ్. ఆర్. బస్టర్డ్ శాస్త్రలోకానికి తెలియజేశాడు. 1981లో దేవి నది ముఖద్వారం, 1994లో రుషికుల్య ముఖద్వారం ఈ జాబితాలో చేరాయి. వీటిని 'కనుగొన్నారు' అని రాయడం పరిపాటి అయింది. గహీర్‌మథ గుడ్లను పడవల్లో నింపుకుపోయేవారి దగ్గర రుసుం వసూలు చేసిన రోజులు అంతకు ముందే ఉన్నాయి. రుసుం కట్టినవారికి, కట్టించుకున్నవారికి తెలియని తీరాన్ని కనుగొనడమేమిటో! అది అలా ఉంచుదాం. 1997 సెప్టెంబరులో గహీర్‌మథ సముద్ర అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం 1,435 చదరపు కిలోమీటర్లు. 1998లో 'ఆపరేషన్ కచ్ఛప' మొదలైంది. ధామ్రా, దేవి, రుషికుల్య ముఖద్వారాల ఎదుట 20 కిలోమీటర్ల మేర నవంబరు 1 నుంచి మే 31 దాకా, అంటే ఏడు నెలలు, చేపల వేటపై ఏటేటా నిషేధం విధించే పద్ధతి వచ్చింది. ఈ కాలంలోనే, 1990ల చివరి సంవత్సరాల్లో, ఏటా పదివేలకు పైగా తాబేళ్ళ కళేబరాలు ఒడిశా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. తాబేలు ఊపిరి పీల్చుకోవడానికి నీటి పైకి రావాలి. ట్రాలరు లాగే వలలో గంటల తరబడి చిక్కితే రాలేదు. మునిగి చస్తుంది. సముద్రంలో పెరిగిన జీవి నీళ్ళలో మునిగి చావడం అన్న ఈ విషాదమే ప్రచారానికి మూల వస్తువు.

ఇంత బలమైన వస్తువును ప్రచారం ఏ అచ్చులో పోసింది? నా ఉద్దేశంలో అది మనకు బాగా పరిచయమైన అచ్చు, గజేంద్రమోక్షపుటచ్చు. నిస్సహాయమైన జంతువు, దాన్ని నీళ్ళలో పట్టుకుని వదలని శత్రువు, ఆర్తనాదం విని ఎంతో దూరం నుంచి పరుగెత్తి వచ్చే రక్షకుడు. తాబేలు గజేంద్రుడు. ట్రాలరు, లేదా రేవు కట్టే కంపెనీ, మకరి. పోస్టరు చూసి కదిలిపోయి సంతకమో చందానో ఇచ్చే నగరవాసి శ్రీహరి. ఈ అచ్చుకు గొప్ప శక్తి ఉంది, కాదనలేం. 1980ల మొదట్లో బెంగాల్ తీరంలోని దీఘాలో తాబేళ్ళ వధను జె. విజయ అనే యువ పరిశోధకురాలు ఫొటోలు తీసింది. అవి ఇండియా టుడే పత్రికలో అచ్చయ్యాక ప్రధాని ఇందిరాగాంధీ దృష్టికి వెళ్ళాయి. ఆ తరువాత కోస్ట్ గార్డు తాబేళ్ళ రక్షణ బాధ్యత తీసుకుంది. కలకత్తా మార్కెట్టుకు లారీల్లో, రైళ్ళలో సాగిన వ్యాపారం అణగిపోయింది. ఒక ఫొటో ఇంత పని చేయగలిగితే దాని వెనుక ఉన్న కథన పద్ధతిని చిన్నచూపు చూడడం తగదు. విజయ 1987లోనే చిన్న వయసులో మరణించింది. ఆమె పనికి తగిన గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది.

కాని గజేంద్రమోక్షంలో మరొక పాత్ర ఉంది. గజేంద్రుని వెంట వచ్చిన ఏనుగుల మంద. మడుగు ఒడ్డున నిలబడి చూస్తుంది, ఏమీ చేయలేదు, దానికి మాటల్లేవు. ప్రచార సాహిత్యంలో జాలరి స్థానం ఇదే. ఒక్కొక్కసారి ఇంతకన్నా తక్కువ. నిషేధం ఉల్లంఘించి పట్టుబడినవారి వార్తలో అతను మకరి పక్షాన కనిపిస్తాడు. ట్రాలరు యజమానికీ, తెప్ప మీద ఇద్దరు ముగ్గురు కలిసి వేటకు పోయే మనిషికీ తేడా చెప్పకుండా 'మత్స్యకారులు' అన్న ఒక్క మాటతో సరిపెట్టిన రాతలు ఎన్నో ఉన్నాయి. పాత్రచిత్రణలో ఇది చిన్న లోపం కాదు. ఈ కథలో ఆ తేడాయే అసలు విషయం.

ఎందుకో చూద్దాం. ఒరిస్సా సముద్ర మత్స్య క్రమబద్ధీకరణ చట్టం 1982లో వచ్చింది. ఒడ్డు నుంచి 5 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదన్న నియమం దాని కింద ఏర్పడినదే. అది తాబేళ్ళ కోసం రాసింది కాదు. తెప్పల మీద, నాటు పడవల మీద బతికేవారి కోసం రాసింది. ట్రాలర్లు ఒడ్డు దగ్గరికి వచ్చి వలలు తెంపుకుపోతున్నాయని, చేపపిల్లతో సహా ఊడ్చుకుపోతున్నాయని దేశమంతటా జాలరులు పోరాడిన ఫలితంగా ఇటువంటి చట్టాలు వచ్చాయి. గుడ్లు పెట్టే కాలంలో తాబేళ్ళు గుమిగూడేది కూడా ఒడ్డుకు దగ్గరగానే. అంటే జాలరి అడిగిందీ తాబేలుకు కావలసిందీ ఒకటే: ట్రాలర్లు లేని తీరజలాలు. ఇద్దరికీ శత్రువు ఒకడే అయినప్పుడు, కథ చెప్పేవాడు వారిద్దరినీ ఒకవైపు నిలబెట్టాలి. ప్రచారం చాలా కాలం అలా చేయలేదు. ట్రాలర్ల మీద పెట్టవలసిన నిఘాకు పడవలు, డీజిలు, మనుషులు కావాలి. తెప్పను ఆపడానికి ఒడ్డున ఒక జవాను చాలు. నిషేధం బరువు ఎవరి మీద ఎక్కువ పడిందో ఊహించడం కష్టం కాదు. పైగా ఆ ఏడు నెలల్లో శీతకాలం కూడా ఉంది; ఒడిశా తీరంలో వేట బాగా సాగే రోజులవి.

జాలరులకు తమ సొంత పర్యావరణ ప్రచారం లేదా? ఉంది. 1989లో జాతీయ మత్స్యకారుల వేదిక రెండు తీరాల వెంట యాత్ర జరిపింది. ఒక జట్టు కలకత్తా వైపు నుంచి, మరొకటి బొంబాయి వైపు నుంచి బయలుదేరి మే 1న కన్యాకుమారిలో కలిశాయి. తూర్పు జట్టు ఒరిస్సా, ఆంధ్ర, తమిళ తీరాల మీదుగా నడిచింది. నీటిని కాపాడండి, జీవాన్ని కాపాడండి అన్నది వారి నినాదం. సముద్రం అని గాక నీరు అనడంలో ఆలోచన ఉంది. నదిలో ఫ్యాక్టరీ విషం కలిస్తే ముఖద్వారంలో చేప చస్తుందని, ఏట్లో మంచినీళ్ళు తగ్గితే ఉప్పుటేరులో రొయ్యపిల్ల తగ్గుతుందని ముఖద్వారం దగ్గర కాపురం ఉండేవారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ యాత్ర కన్యాకుమారిలో పోలీసు కాల్పులతో ముగిసింది. తాబేలు ప్రచారంతో పోలిస్తే దీనికి ఫొటోలు తక్కువ, చందాలు తక్కువ, పేరు తక్కువ. అయినా వస్తువు విస్తృతిలో ఇది పెద్దది. విమర్శకుడు రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకదానిలో ప్రకృతి రక్షింపదగిన అందమైన ప్రాణి. మరొకదానిలో అది బతుకుతెరువు ఆధారపడిన నీరు.

ఇక ప్రచార సాహిత్యంలో అత్యంత ప్రసిద్ధమైన ఒక రచనను తీసుకుందాం. రచన అనవచ్చునా అన్న సందేహం కొందరికి రావచ్చు; అది కంప్యూటరు ఆట. గహీర్‌మథకు 15 కిలోమీటర్ల లోపు దూరంలో టాటా స్టీల్, ఎల్ అండ్ టి సంస్థలు కలిసి ధామ్రా రేవు కట్టాయి. రేవు దీపాల వెలుగు, ఇసుక తవ్వకం, ఓడల రాకపోకలు తాబేళ్ళకు హాని చేస్తాయని అనేకమంది శాస్త్రవేత్తలు, సంస్థలు అభ్యంతరం చెప్పారు. 2010లో గ్రీన్‌పీస్ ఇండియా 'టర్టిల్ వర్సెస్ టాటా' అనే ఆటను విడుదల చేసింది. పాక్‌మాన్ నమూనాలో ఆడేవాడు తాబేలుగా మారి చుక్కలు తింటూ పోవాలి. టాటా చిహ్నం ధరించిన దయ్యాలు వెంటపడుతుంటాయి. టాటా సన్స్ పరువునష్టం, వ్యాపారచిహ్న దుర్వినియోగం ఆరోపిస్తూ 10 కోట్ల రూపాయలకు దావా వేసింది. 2011 జనవరి 28న ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి ఎస్. రవీంద్ర భట్ ఆటను ఆపమంటూ తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించారు. వాణిజ్య చిహ్నాన్ని వ్యంగ్యానికి, విమర్శకు వాడుకునే స్వేచ్ఛ గురించి ఆ తీర్పు చేసిన చర్చ ప్రహసనాన్ని, వ్యంగ్య కావ్యాన్ని బోధించే అధ్యాపకులందరూ చదవదగినది. మన సాహిత్యంలో అధిక్షేపానికి దీర్ఘ చరిత్ర ఉన్నా, దానికి న్యాయస్థానంలో ఇంత స్పష్టమైన సమర్థన దొరికిన సందర్భాలు అరుదు.

న్యాయస్థానంలో నిలిచినంత మాత్రాన రచనగా కూడా నిలిచిందని అర్థం కాదు. ఆటలో ఉన్నవి రెండే పాత్రలు. సముద్రం ఒక గళ్ళ కాగితం. గజేంద్రమోక్షపుటచ్చు ఇక్కడ ఇంకా కుదించుకుపోయింది: రక్షకుడు బాధితుడిలోనే కలిసిపోయాడు, ఆడేవాడే తాబేలు. ఏనుగుల మందకు ఒడ్డున నిలబడే చోటు కూడా లేదు. తాబేళ్ళను వేల సంఖ్యలో చంపుతున్న ట్రాలరు సైతం ఈ కథలో లేదు. ఎందుకంటే ట్రాలరుకు దేశమంతా గుర్తుపట్టే చిహ్నం లేదు. పేరున్న శత్రువును ఎంచుకోవడం ప్రచార శిల్పంలో ఒక మెలకువ. కాని ఆ మెలకువకు ధర ఉంది. శత్రువు ప్రసిద్ధిని బట్టి కథ నడిస్తే, హాని పరిమాణాన్ని బట్టి నడవడం మానుకుంటుంది. గహీర్‌మథకు ఆనుకునే ఉన్న వీలర్ దీవిలో, అంటే నేటి అబ్దుల్ కలాం దీవిలో, క్షిపణి పరీక్షా కేంద్రం దీపాలూ తాబేలు పిల్లలను దారి తప్పించేవే. వాటి మీద ఆట తయారుకాలేదు. ధామ్రా రేవు 2011లో పని ప్రారంభించింది. 2014లో అదానీ సంస్థ దాన్ని కొన్నది. ఆటలోని దయ్యం చిహ్నం చెల్లకుండా పోయింది, రేవు మాత్రం పెరుగుతూనే ఉంది. వ్యక్తిదూషణ మీద కట్టిన అధిక్షేపానికి ఆయుర్దాయం తక్కువని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

ఇందుకు పూర్తిగా భిన్నమైన రచన కార్తిక్ శంకర్ 2015లో ప్రచురించిన 'ఫ్రం సూప్ టు సూపర్‌స్టార్'. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేసే ఈ పరిశోధకుడు, మద్రాసులో విద్యార్థిగా రాత్రిపూట తీరం వెంట తాబేలు గూళ్ళు వెతుకుతూ నడిచిన తరం మనిషి. యూరపు భోజనశాలలకు చారు కాచుకునే సరుకుగా ఎగుమతి అయిన తాబేలు, ప్రచారాలకు తారగా ఎలా మారిందో ఈ గ్రంథం చెబుతుంది. దీనిలోని గుణం ఏమిటంటే తాబేలును కాపాడినవారి కథను కూడా విమర్శనాత్మకంగా చూడడం. శాస్త్రవేత్తల మధ్య తగాదాలు, ప్రభుత్వ శాఖల పంతాలు, రేవు కంపెనీకి సలహా ఇవ్వవచ్చునా కూడదా అన్న విషయంలో అంతర్జాతీయ సంస్థకూ భారతీయ పరిశోధకులకూ వచ్చిన విభేదం – ఇవన్నీ దాపరికం లేకుండా ఉన్నాయి. హాస్యం ఉంది. జాలరుల పక్షం వినాలన్న స్పృహ ఉంది. 2004లో సంరక్షణ సంస్థలూ మత్స్యకార సంఘాలూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒరిస్సా సముద్ర వనరుల సంరక్షణ కూటమి ఏర్పరచుకున్న ప్రయత్నంలో ఆ రచయితకూ పాత్ర ఉంది కాబట్టి ఆ స్పృహ పుస్తకాల నుంచి వచ్చింది కాదు.

అయినా ఈ గ్రంథం కూడా తాబేలు మనుషుల చరిత్రే. తెలుగు జాలరి ఇందులో గౌరవంగా ప్రస్తావనకు వస్తాడు, కథ చెప్పడు. ఇది రచయిత మీద ఫిర్యాదు కాదు. ఆ కథ చెప్పవలసిన భాష వేరు. ఆ భాషలో చెప్పించుకోవలసినవారు ఇంకొకరు.

భాష దగ్గరికి వచ్చాం కాబట్టి కొన్ని మాటల్ని పరీక్షిద్దాం. 'కచ్ఛపం' నిఘంటువులో ఉన్న మాట. కమఠం, కూర్మం దాని తోబుట్టువులు. ఒడియాలోనూ తెలుగులోనూ పండితులకు అర్థమవుతుంది. తీరంలో వాడుక మాట తాబేలు. ముందు 'ఆపరేషన్' అన్న దాడిమాట, వెనుక 'కచ్ఛప' అన్న పూజమాట; ఈ రెంటి మధ్య తాబేలును రోజూ చూసే మనిషి వాడుక మాటకు తావు లేకపోయింది. సామూహికంగా గుడ్లు పెట్టడానికి శాస్త్ర గ్రంథాల్లో వాడే మాట 'అరిబాడా'. స్పానిష్‌లో రాక అని అర్థం. పసిఫిక్ తీరపు జాలరుల నోటి మాటను శాస్త్రం స్వీకరించి ప్రపంచమంతటికీ పంచింది. అది మెచ్చుకోదగిన పని. బంగాళాఖాతపు జాలరి నోటి మాటకు మాత్రం ఆ గౌరవం రాలేదు. చేప, వల, గాలి, నీటివాలు, చుక్కల నడకను గురించి తెలుగు తీరపు పలుకుబడి ఎంత సంపన్నమో మాండలిక వృత్తిపదకోశాలు తయారుచేసినవారు ఎప్పుడో నిరూపించారు. కాని సరిహద్దుకు ఆవలి తీరంలో, ఒడియా పదాలతో కలిసిపోయి బతుకుతున్న ఆ పలుకుబడిని సేకరించే పని అరకొరగానే సాగింది. తాబేళ్ళు ఏ రోజుల్లో, ఏ గాలికి, ఏ నీటివాలుకు వస్తాయో తెలిసిన జ్ఞానం ఆ మాటల్లోనే దాగి ఉంటుంది. మాట పోతే అదీ పోతుంది.

కూర్మావతారం సంగతి మరొకటి. తాబేలును విష్ణువుగా భావించి వలలో పడ్డదాన్ని తిరిగి నీళ్ళలో వదిలే భక్తి తీరంలో చాలాచోట్ల ఉంది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం క్షేత్రం ఆ భావానికి పట్టుగొమ్మ. ప్రచారకులు ఈ భక్తిని ఉపయోగించుకోవాలని చూడడం సహజమే. ఇక్కడ ఒక సాహిత్య విశేషం చెప్పుకోవాలి. గజేంద్రమోక్షమూ కూర్మావతారమూ భాగవతంలో ఒకే స్కంధంలో, ఎనిమిదవదానిలో, ఉన్నాయి. రెండు కథల్లోనూ నీళ్ళలో ఆపద ఉంది. కాని మొదటిదానిలో జంతువు రక్షణ పొందుతుంది. రెండవదానిలో తాబేలు మునిగిపోతున్న మందరాన్ని వీపున మోస్తుంది. అది బాధితుడు కాదు, ఆధారం. దాని మీద కొండ నిలిస్తేనే చిలకడం సాగుతుంది. సముద్రపు ఆరోగ్యానికి తాబేలు ఆధారం, తాబేలు ఉన్నచోట చేపా ఉంటుంది, చేప ఉన్నచోట మనిషీ ఉంటాడు అని చెప్పదలచిన ప్రచారానికి ఇంతకన్నా సరిపడే కథ వేరే లేదు. చేతిలో కూర్మకథ ఉండగా ప్రచారం గజేంద్రుని కథను ఎంచుకున్నది. కన్నీరు తొందరగా తెప్పించేది అదే కాబట్టి.

జాలరిని ఆదర్శీకరించి రాయడం కూడా ఒక రకం అసత్యమే. దళిత, స్త్రీవాద సాహిత్య చర్చల తరువాత మన విమర్శలో బాధితుడు చెప్పిందల్లా సత్యమనే ధోరణి కొంత వచ్చింది. ఆ ధోరణి ఇక్కడ పనికిరాదు. నైలాను వలలు, పడవకు బిగించిన ఇంజన్లు వచ్చాక 'సంప్రదాయ జాలరి' అన్న మాట హద్దులు చెరిగిపోయాయి. ఒడ్డుకు దగ్గరగా నిలిపే వలల్లో కూడా తాబేళ్ళు చిక్కుతాయి, చస్తాయి. చిక్కిన తాబేలును విడిపించాలంటే వేల రూపాయల వల కోసుకోవాలి. భక్తి ఎంత ఉన్నా కోసేవాడు ఆలోచిస్తాడు. ట్రాలరు మీద కూలికి పోయేవాడు కూడా జాలరే. అమెరికా తాబేళ్ళ పేరు చెప్పి రొయ్యల దిగుమతి ఆపినప్పుడు భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్ళాయి. 1998లో తుది తీర్పు వచ్చింది. ట్రాలరు వలలో తాబేలు తప్పించుకునే చట్రం బిగించాలన్న నియమం ఆ గొడవల నడుమనే మన తీరానికి వచ్చింది. చట్రం గుండా చేపా పోతుందని బోటువారు దాన్ని బిగించలేదు, బిగించినా కట్టివేశారు. చట్రం ఉపయోగం గురించిన వాదనలో కూలివాడు ఎటు మొగ్గాలి? తాబేలు వైపా, యజమాని వైపా? ఇక్కడ నవలకు సరిపడే సంఘర్షణ ఉంది. కరపత్రంలో దానికి చోటు లేదు.

రుషికుల్య దగ్గర కథ వేరుగా నడిచింది. 1994లో బిభాస్ పాండవ్ అక్కడి గూళ్ళను నమోదు చేసిన తరువాత పురుణాబంధ, గోఖరకుద, పొడంపేట ఊళ్ళ యువకులు పరిశోధకులకు సహాయకులుగా చేరారు, తరువాత తామే రక్షణ సంఘం పెట్టుకున్నారు. రాత్రి కాపలా, కుక్కల నుంచి గూళ్ళకు రక్షణ, దీపాల వైపు దారితప్పిన పిల్లల్ని ఏరి నీళ్ళలో వదలడం, పిల్లలు బయటపడే రాత్రుల్లో ఊరి దీపాలు ఆర్పించడం – ఇదంతా వారి పని. 2023లో ఒక్క రుషికుల్య తీరంలోనే 6 లక్షలకు పైగా తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. ఈ సంఖ్యను వారి పనికే ముడిపెట్టడం శాస్త్రీయం కాదు. తాబేళ్ళు ఒక ఏడు వస్తాయి, మరొక ఏడు రావు. కాని ఇక్కడ జాలరి ఒడ్డున నిలబడిన మంద కాదన్నది మాత్రం నిశ్చయం. చెన్నైలో 2002లో మొదలైన ట్రీ ఫౌండేషన్ కూడా తమిళ, ఆంధ్ర తీరాల్లో జాలరి యువకులనే రక్షకులుగా తీసుకుంది. ఇలా కథకులు మారినచోట కథ మారింది. అయినా ట్రాలరు మారలేదు. 2025 జనవరిలో చెన్నై పరిసర తీరానికి వెయ్యికి పైగా తాబేళ్ళ కళేబరాలు కొట్టుకొచ్చాయి. ఒడిశాలో పాతికేళ్ళ క్రితం రాసిన వాక్యాలనే పత్రికలు మళ్ళీ రాశాయి.

పొడంపేట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఊరి పేరు చివరి 'పేట' చాలు, ఆ ఊరు ఎవరు కట్టుకున్నారో తెలియడానికి. ఆ ఊరిని సముద్రం కోసివేసింది. ఇళ్ళు వరసగా కూలిపోయాయి, జనం లోపలికి కట్టిన కాలనీకి తరలిపోయారు. నది ముఖద్వారం జరగడం, తుఫానులు, తీరం వెంట కట్టిన కట్టడాలు అన్నీ కారణాలుగా చెబుతారు. పెరుగుతున్న సముద్రమట్టం వాటిని మరింత తీవ్రం చేస్తుంది. అదే వేడి తాబేలు గూటికీ తగులుతుంది. గుడ్డులోని పిల్ల ఆడదో మగదో నిర్ణయించేది ఇసుక వేడి. 29 డిగ్రీల పైచిలుకు దాటితే ఆడపిల్లలే ఎక్కువ. వాతావరణ మార్పును గురించిన ప్రచార రచనల్లో ఈ ఆడ మగ లెక్క తరచు కనిపిస్తుంది, చదివేవారికి వింతగా ఉంటుంది కాబట్టి. కూలిన ఇళ్ళ లెక్క అంత తరచుగా కనిపించదు.

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో రుషికుల్య తాబేళ్ళ వార్తలు రాసేటప్పుడు పత్రికలు తీరం హద్దులు చెబుతాయి: పొడంపేట నుంచి బటేశ్వర్ దాకా, ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని లక్షలు. తాబేళ్ళు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా వచ్చాయో చెప్పడానికి ఆ పేరు ఇంకా పనికివస్తోంది.